మెట్ల కింద చెప్పులు

రూబేనుకు ఆ ఆదివారం చావో రేవో తేలిపోయే రోజు. సంఘ కాపరి జెకర్యా అయ్యగారు వచ్చే నెల విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆయన తర్వాత సంఘాన్ని రూబేనుకు అప్పగించాలా, పట్నం నుంచి ఇంకెవరినైనా పిలిపించుకోవాలా అన్నది పెద్దలు ఇంకా తేల్చలేదు. ముందు ఒక ప్రసంగం విని చూస్తామన్నారు. అయ్యగారి దగ్గర మూడేళ్లుగా పరిచర్య నేర్చుకుంటున్నవాడికి ఆ వారమంతా తిండి సయించలేదు.

కాపరి గురించి ప్రసంగం సిద్ధం చేసుకున్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించాడు. కొత్త బూట్లు కూడా కొన్నాడు. ఆ ఊళ్లో ఎవరైనా సరే చెప్పులు మెట్ల కింద విప్పాకే మందిరంలోకి రావాలి. బూట్లతో నిలబడి ప్రసంగించే భాగ్యం ఎటూ లేదు. అయినా కొన్నాడు.

ప్రసంగం బాగానే అందుకుంది. ముందు వరసలో పెద్దలు తలలూపుతున్నారు. మంద కోసం కాపరి ఎంతకు తెగించాలో చెబుతూ రూబేను గొంతు పెంచేసరికి బయట వాన మొదలైంది. పక్క కుర్చీలో ఉన్న జెకర్యా అయ్యగారు లేచి, చడీచప్పుడూ లేకుండా బయటికి వెళ్లిపోయారు.

అందరి కళ్లూ ఆయన వెంటే వెళ్లాయి. పెద్దల తలలు ఊగడం మానేశాయి. రూబేను చెప్పిందే మళ్లీ చెప్పి ఎలాగో ముగించాడు.

కానుకల పాట ఎత్తుకోగానే పక్క తలుపులోంచి వరండాలోకి వచ్చాడు. అతనికి కోపం, ఏడుపు కలిసి వస్తున్నాయి.

అయ్యగారు తడిసి ముద్దయ్యారు. పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, రెండు చేతులా చెప్పులతో మెట్లెక్కుతున్నారు. వరండా గోడ వారన అప్పటికే చాలా జతలు చేరాయి. కాళ్లు పెట్టుకుని అలాగే నడిచిపోయేలా అన్నీ వీధి వైపుకు తిప్పి ఉన్నాయి.

"నా ప్రసంగం వినలేనంత అధ్వాన్నంగా ఉందా అయ్యగారూ?"

"కిటికీలోంచి వినబడుతూనే ఉంది. బాగా చెప్పావు," అన్నారాయన ఒక జత దించుతూ.

తడి చెప్పులేసుకుని ముసలివాళ్లు జారితే కష్టమని, మార్తమ్మ కాలు కిందటేడు అలాగే విరిగిందని చెప్పారు. అప్పుడు రూబేను మార్తమ్మ మంచం పక్కన మోకాళ్లూని చాలాసేపు ప్రార్థన చేశాడు. కాలు ఎలా విరిగిందో మాత్రం అడగలేదు.

అతను ముంగిట్లోకి చూశాడు. ఇంకా కొన్ని జతలు వానలోనే ఉన్నాయి. వాటిలో అయ్యగారి అరిగిపోయిన రబ్బరు చెప్పులు ఉన్నాయి. వాటి పక్కనే తన కొత్త బూట్లు, నిండా నీళ్లతో.

"నావి మర్చిపోయారు," అన్నాడు.

"మర్చిపోలేదు. మనిద్దరివీ చివర తెద్దామనుకున్నా. ఈలోగా నీ ప్రసంగం అయిపోయింది."

లోపల పాట చివరి చరణానికి వచ్చింది. అయ్యగారు కండువా పిండి చేతులు తుడుచుకుని, ఆశీర్వాదం చెప్పడానికి లోపలికి వెళ్లారు.

రూబేను ప్యాంటు పైకి మడిచి వానలోకి దిగాడు. తన బూట్లను దాటుకుని వెళ్లి మిగిలిన చెప్పులు తెచ్చాడు.

జనం బయటికి వచ్చేసరికి అతను గొంతుక్కూర్చుని మార్తమ్మ చెప్పులకు అంటిన బురద తుడుస్తున్నాడు. అందరికంటే ముందు పెద్దలే వచ్చారు. అతని ముందు నుంచే నడిచి వెళ్లారు. వాళ్ల ముఖాలు ఎలా ఉన్నాయో చూడటానికి అతను తలెత్తలేదు.