నూకరత్నం పడవ, నూకరత్నం కడుపు

అనగనగా గోదారి నడుమ ఒక లంక, ఆ లంకలో నలభై గడపల ఊరు. ఆ ఊరికి ఒకటే పడవ. దాన్ని నడిపేది నూకరత్నం. రత్నం వెదురు గెడ వేసి తోసిందంటే పడవ చెప్పినట్టు వినేది. చెప్పినట్టు విననిది ఆమె కడుపొక్కటే, బంగారూ.

పొద్దున్నే మెలిపెట్టేది. డోలులా ఉబ్బేది. ఒకరోజు పొదల్లోకి పరుగే పరుగు, ఇంకోరోజు అసలు కదలదు. రత్నం సిగ్గుపడి ఎవరికీ చెప్పేది కాదు.

ముందు పక్కింటి ముసలామె కనిపెట్టి ఆముదం తాగించింది. రత్నం రెండు రోజులు మంచం దిగలేదు. ఆ తర్వాత సంతలో ఒకడు నల్లటి పొడి అమ్మాడు. "మూడు పూటల్లో మాయం" అన్నాడు. రెండో పూటకే, నడి గోదాట్లో, కడుపులో కత్తి తిప్పినట్టయింది. గెడ వదిలేసి ముడుచుకుపోయింది. పడవ గిర్రున తిరిగింది. బడిపిల్లలు కెవ్వుమన్నారు. ఎలాగో ఒడ్డు చేరారు గానీ, "ఆ పడవెక్కకండర్రా" అన్నారు జనం.

ఆ మాట విని అవతలి ఒడ్డు ఆసుపత్రి నర్సు ఎస్తేరమ్మ వచ్చింది. "రక్తం పడుతోందా? చిక్కిపోతున్నావా?" అని అడిగింది. లేదంది రత్నం. అయినా పెద్ద డాక్టరుగారి చేత పరీక్షలు చేయించింది. ఏ పుండూ లేదు.

"నీ పేగు చెడిపోలేదే. దానికి ఉలుకెక్కువ, అంతే. అన్నీ ఒక్కసారి మానకు. ఒక్కోటీ మాని చూడు" అంది ఎస్తేరమ్మ.

అప్పుడు రత్నం పాలు మానింది. ఉబ్బరం కాస్త తగ్గింది. ఆ తర్వాత ఉల్లిపాయ మానింది. ఇంకాస్త తగ్గింది. ఆ తర్వాత మిరపకాయ బజ్జీ మానింది. అయ్యో, దానికి మాత్రం ఏడ్చినంత పని చేసింది! వేళకి మెత్తటి అన్నం తినేది. డాక్టరుగారిని అడిగి, పేగుని మెత్తగా కదిలించే ఇసబ్గోలు పొట్టు చెంచాడు గ్లాసుడు నీళ్ళలో కలుపుకుని తాగేది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, వారానికోసారే వచ్చి పలకరించి పోయేది. జనం మళ్ళీ పడవెక్కారు.

ఆ శ్రావణంలో గోదారికి వరదొచ్చి ఎర్రనీళ్ళు పోటెత్తాయి. మిట్ట మధ్యాహ్నం ఊళ్ళో నిండు చూలాలు వరాలికి నొప్పులొచ్చాయి. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది, ఆసుపత్రేమో అవతలి ఒడ్డున. రత్నం గెడ తీసుకుంది. వరాలు, ఆమె మొగుడు సత్తియ్య, ఇద్దరు ముత్తైదువలు ఎక్కారు.

సరిగ్గా నడి ఏట్లో రత్నం కడుపు మెలిపెట్టింది. తిండి వల్ల కాదమ్మా, భయం వల్ల. ఆ పేగుకి భయం కూడా పడదు.

పడవ ముక్కు పక్కకి తిరిగింది. నీళ్ళు లోపలికి కొట్టాయి. రత్నం పళ్ళు బిగించింది. దాచితే అందరూ పోతారు.

"సత్తియ్యా, గెడ పట్టు! నాకు కడుపునొప్పి. నేను నిలబడలేను, నోటితో నడిపిస్తాను."

సత్తియ్య గెడ అందుకున్నాడు. "ఎడమకి వెయ్యి! ఆగు... ఇప్పుడు తొయ్యి!" రత్నం కడుపు పట్టుకుని, లోతుగా ఊపిరి తీస్తూ, అరుస్తూనే ఉంది. మూడుసార్లు పడవ ఒరిగింది. మూడుసార్లూ నిలబడింది. ఆ తర్వాత అడుగున ఇసక గీసుకుంది.

సత్తియ్య వరాల్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. రత్నం పొదల వైపు పరిగెత్తింది. అక్కడ పొద లేదు, వరద ఊడ్చేసింది! ఆమె కళ్ళ నీళ్ళు తిరిగాయి.

అప్పుడు ఆ ఇద్దరు ముత్తైదువలూ గబగబా వచ్చి, అటు తిరిగి నిలబడి, కొంగులు విప్పి తెర పట్టారు. "కూర్చోవే తల్లీ. మేమున్నాం" అన్నారు.

ఆ తెర వెనకుండగానే రత్నానికి వినబడింది, ఆసుపత్రిలోంచి పసిబిడ్డ కేరుమన్న ఏడుపు.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
నువ్వూ నేనూ మనింటికి.