పైడయ్యకో పట్టు

అనగనగా అనగనగా, కొండ దిగడానికి మూడు మలుపుల దారి ఒక్కటే ఉన్న కాలంలో, ఆ దారి మొదట్లో ఒక పాక ఉండేది. ఆ పాకలో సైకిళ్లు బాగుచేసే పైడయ్య ఉండేవాడు. అతని ముగ్గురు పిల్లలూ దూరాన, మైదానంలోని హాస్టల్లో చదువుకునేవారు. వాళ్లకు కాపలా కాయలేని కళ్లతో దారిన పోయేవాళ్లకు కాపలా కాసేవాడు. నట్టు బిగించి ఒకసారి చూసేవాడు. రెండోసారి చూసేవాడు. వెళ్లేవాళ్లను వెనక్కి పిలిచి మూడోసారి చూసేవాడు.

పక్కన టీ కాచే బంగారమ్మ నవ్వేది. "నీ భయానికి ఆకుపసరు కూడా నేదు పైడయ్యా."

"భయం నా దగ్గరుంటే ఎముకలు ఆళ్ల దగ్గరుంటాయి వదినా" అనేవాడు పైడయ్య.

కింద ఊళ్లకు మందులు మోసే నూకాలుకు ఒక కొత్త సైకిలు వచ్చింది. కొండల్లో తొక్కే సైకిలు, నూనె బ్రేకులది. దానికి తీగలుండవు. పిడి నొక్కితే సన్నటి గొట్టంలో నూనె కదులుతుంది. ఆ నూనె తోపుకి చక్రం దగ్గరున్న ఇనప పళ్లేన్ని బ్రేకు గట్టిగా పట్టుకుంటుంది.

ఒకనాటి పొద్దున నూకాలు పంక్చరైన సైకిలు నడిపించుకుంటూ వచ్చింది.

"మామా, కింద ఊళ్లో జ్వరాలు. బేగి కానీ."

పైడయ్య సైకిలును తిరగేశాడు. సీటు కింద, చక్రాలు పైన. అతని తండ్రి నేర్పిన పద్ధతి అదే. పంక్చరు వేశాడు, గాలి కొట్టాడు, సైకిలును నిలబెట్టాడు. బ్రేకు పిడి నొక్కాడు. మొదటిసారి నానిన అటుకుల్లా మెత్తగా దిగిపోయింది. రెండోసారి కాస్త బిగిసింది. మూడోసారి రాయిలా నిలబడింది.

"సూసినావా, రాయి" అంది నూకాలు.

"మొదట మెత్తగుందమ్మా."

"కొత్త సైకిలు గదా, బద్ధకం. మూడుసార్లు నొక్కితే నిద్ర నెగుస్తాది."

"ఒగ్గేయ్ పైడయ్యా" అంది బంగారమ్మ. "అక్కడ పసోళ్లు జ్వరంతో మూలుగుతుంటే ఇక్కడ నీ పూజేటి?"

పైడయ్య సిగ్గుపడ్డాడు. నూకాలు వెళ్లిపోయింది. ఆ ఒక్కరోజే అతను వెనక్కి పిలవలేదు.

కానీ కూర్చోలేకపోయాడు. బ్రేకు దిమ్మలు అరిగాయా అనుకున్నాడు. కొత్తవే. పళ్లేనికి జిడ్డు అంటిందా అనుకున్నాడు. తానే తుడిచాడు. గొట్టం కారుతోందా అనుకున్నాడు. సైకిలు నిలబెట్టిన చోట నేల పొడిగా ఉంది.

అప్పుడు బంగారమ్మ పకోడీలకని నూనె సీసా ఎత్తి తిరగేసింది. సీసాలోని గాలి బుడగై, బుడుక్కున పైకి పోయింది.

పైడయ్య ఆ బుడగనే చూశాడు. నూనె నొక్కితే నలగదు. గాలి నలుగుతుంది. నూనె నిండుగా లేని బ్రేకును తిరగేస్తే, పిడి దగ్గరి నూనె గదిలో పైనుండాల్సిన గాలి గొట్టంలోకి దూరుతుంది. వరసగా నొక్కితే అణుగుతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ ఉబ్బుతుంది. ఆ గాలిని గొట్టంలోకి పంపింది తన చేతులే.

దారి వదిలి, మలుపు మలుపుకీ అడ్డంగా వాలు మీదుగా పరిగెత్తాడు. మొదటి మలుపులో టైరు గుర్తే ఉంది, నూకాలు లేదు. రెండో మలుపులో టైరు గుర్తే ఉంది, నూకాలు లేదు. మూడో మలుపు పక్కన లోయ, తాటిచెట్ల మీద తాటిచెట్లు నిలబెట్టినా అందని లోయ. ఆ మలుపు దగ్గర అందరూ ఆగి కొండతల్లికి ఒక ఆకు పెట్టి వెళ్తారు. దారంతా వరసగా నొక్కుతూ దిగి, అక్కడ ఆగిన నూకాలు ఆకు పెట్టింది. పెడలు మీద కాలు వేసింది.

"ఎక్కకమ్మా" అన్నాడు పైడయ్య రొప్పుతూ. "ఒక్కసారి నొక్కు. ఒక్కసారే."

"ఇంతదూరం కూడానా మామా" అని నవ్వుతూ నొక్కింది. పిడి వచ్చి హ్యాండిలుకు తగిలింది.

నూకాలు నవ్వు ఆగిపోయింది. లోయకేసి చూసింది. "ఇందాక రాయిలా ఉంది గదా" అంది.

"అది రాయి కాదు, గాలి. సైకిలు తిరగేసింది నాను. తప్పు నాది."

నూకాలు మందుల సంచి నెత్తిన పెట్టుకుని నడిచి దిగింది. పైడయ్య సైకిలును పైకి నెట్టుకెళ్లాడు. నిలువుగా ఆనించి, పిడిని ట్యూబు రబ్బరుతో బిగించి కట్టి, బుడగలు పైకెక్కేలా గొట్టాన్ని వేలితో తట్టాడు. విప్పి చూస్తే మెత్తన. మళ్లీ కట్టాడు. మళ్లీ మెత్తన. మూడోసారి పిడి దగ్గరి మర విప్పాడు. ఆ సైకిలుతో వచ్చిన నూనెనే సిరంజిలో నింపి కింద చక్రం దగ్గరి నుంచి మెల్లగా ఎక్కించాడు. ఆవగింజలంత బుడగలు ఒక్కొక్కటే పైకొచ్చి పగిలాయి. బుడగలు ఆగాక మర బిగించాడు. చేతులు కట్టుకుని కాసేపు కూర్చుని, ఒక్కసారి నొక్కాడు. పిడి సగంలోనే నిలబడింది.

ఆనాటి నుంచి వచ్చినవాళ్లందరికీ తన తప్పు తానే చెప్పుకునేవాడు.

"ఎవులూ సూడనేదు గదా, నువ్వే సాటుకుంటావేటి?" అని బంగారమ్మ కోప్పడింది.

"తప్పుకి ఒక పేరుంటే గుర్తుంటాది వదినా. నా పేరే ఉండనీ."

పైడయ్య పోయాడు. పాక పోయింది. దారికి ఎన్ని మలుపులు పెరిగాయో ఎవరూ లెక్కపెట్టలేదు. అయినా ఆ కొండ మీద సైకిలు దిగేవాళ్లు ఇప్పటికీ దారి మొదట్లో ఆగుతారు. పిడి వదిలేసి పది లెక్కపెడతారు. తర్వాత ఒక్కసారి, ఒకే ఒక్కసారి నొక్కుతారు. అదే పైడయ్యకో పట్టు. మెత్తగా ఉంటే దిగి నడుస్తారు. మూడోసారి గట్టిపడే బ్రేకును అక్కడ ఎవరూ నమ్మరు.

పిల్లల్ని దూరాన ఉంచుకున్న తల్లులు ఫోను పెట్టేసే ముందు తిన్నావా అని అడుగుతారు. పడుకున్నావా అని అడుగుతారు. ఆ తర్వాత, "పైడయ్యకో పట్టు పట్టావా?" అని అడుగుతారు. అవతలి నుంచి "పట్టానమ్మా" అని వినిపించేదాకా ఫోను పెట్టరు.