పళ్లొస్తున్న పిల్ల, ఎర్ర గిలక

అన్యాయం జరిగింది మా వీధిలో మంగతాయారు కూతురికి, 2016 మాఘ పౌర్ణమి నాడు. పళ్లొస్తున్న పిల్ల. కొత్త గిలక్కాయ కొరికింది, నోరంతా ఎర్రగా చేసుకుంది, సాయంత్రందాకా వాంతులు చేసుకుంది.

ఆ గిలక చేసింది గవరయ్య. ఎర్నమ్మత్త పాకలో నాతోపాటు లక్కబొమ్మల పని నేర్చుకునేవాడు. డిగ్రీ తప్పినా తల మాత్రం ఫస్టు క్లాసులో పాసైనట్టు ఎత్తుకుని నడిచేవాడు. జాఫ్రా గింజలు నానబెట్టి, మరిగించి ఎరుపు తీయడానికి రెండు రోజులు పడుతుందని, లక్కలో బజారు డబ్బా రంగు కలిపేశాడు. అలాంటివే ఇంకో నలభై గిలకలు బల్ల మీద ఉన్నాయి, తెల్లారితే సంతకి పోవాలి.

ఇప్పుడా పాక లేదు, అత్తా లేదు. తిరిగే చెక్కకి లక్క తగిలి కరిగే వాసన మాత్రం ఎక్కడో అక్కడ ముక్కుకి తగిలి నన్ను నిలబెట్టేస్తుంది.

ఎందుకు కలిపావని అత్త అడిగితే గవరయ్య తల దించలేదు. ఫోనులో చదివిందంతా చెప్పాడు. ఈ లోకమంతా ఎవరో కంప్యూటర్లో ఆడిస్తున్న ఆటేనట, పెద్ద చదువులవాళ్లే అలా అనుమానిస్తున్నారట. ముందుముందు మనుషులు కూడా అలాంటి లోకాలు చేస్తారట, లోపలుండేవాళ్లకి ఆ సంగతే తెలీదట.

“మనమే బొమ్మలం అత్తా. బొమ్మ నోట్లో బొమ్మ. ఏ రంగైతే ఏటి?”

అత్త నవ్వలేదు, తిట్టలేదు. బల్ల మీంచి ఒక గిలక తీసి అతని చేతిలో పెట్టింది.

“నోట్లో పెట్టుకో.”

గవరయ్య గిలక వంక చూశాడు. పెదవి దాకా తెచ్చి ఆపాడు.

“రంగు కడుపులోకి పోద్ది అత్తా.”

“లేని కడుపులోకా?”

అత్త తను చేసిన పసుపుపచ్చ గిలక ఒకటి తీసి బుగ్గన పెట్టుకుంది, పిల్లలు చీకినట్టు చీకింది, పైట చెంగుతో తుడిచి పక్కన పెట్టింది. ఆవిడ పాకలోంచి బయటికి పోయే ప్రతి గిలకా ముందు చేసినవాళ్ల నోట్లోకి వెళ్లాల్సిందే. ఆ ఒక్క పనే గవరయ్య ఎగ్గొట్టాడు.

“మనల్ని చేసినోడు ఎవడో నాకు తెలీదురా. నోట్లో పెట్టి చూసుకున్నాడో లేదో అదీ తెలీదు. రేపు మనుషులు లోకాలు చేస్తారంటన్నావు కదా. చేసేముందు వాళ్లని ఓసారి ఇలా పంపించు, గిలక చెయ్యడం నేర్పుతాను.”

గవరయ్య ఉలి తీసుకుని నలభై గిలకల రంగూ గీకేశాడు. ఆ వారం సంతకి మా బల్ల పోలేదు.

జాఫ్రా ఎరుపుతో మళ్లీ చేసినవాటిలో మొదటిది అతను నోట్లో పెట్టుకున్నది శుక్రవారం, 26 ఫిబ్రవరి 2016.