కంబళి పిండిన చోటు

సుంకన్న మూడు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. ఊరి నుంచి ఒక కబురు వచ్చింది. దానికి గురువు చేత ఒక్క మాట అనిపించుకుని వెనక్కి పంపాలి. అడగబోతే నోరు రావడం లేదు.

గురువును అందరూ కంబళి తాత అంటారు. ఎండైనా వానైనా ఆయన భుజం మీద నల్ల కంబళి ఉండాల్సిందే. ఆయన మఠం కొండకు పడమటి వైపున ఉంది. అక్కడ ఏటా వాన దంచి కొడుతుంది. సుంకన్న పుట్టిన బయలుపల్లె అదే కొండకు తూర్పున ఉంది. ఆ ఊరికి వాన ఎప్పుడో వచ్చిపోయే చుట్టం. మూడేళ్లుగా ఆ చుట్టరికం కూడా తెగిపోయింది.

నాలుగో రోజు పొద్దున్నే ధైర్యం చేసి అడిగేశాడు.

“తాతా, మా ఊళ్లో కుమ్మరి కుళ్లాయమ్మ అని ఒకామె ఉంది. మొగుడు పోయినాక ముసలి అత్తను వెంటబెట్టుకుని వచ్చి మా ఊళ్లో చేరింది. ఆమె వచ్చి మూడేండ్లు. వాన పడక మూడేండ్లు.”

తాత వింటున్నాడు.

“కుండలు ఆరాలంటే ఎండ కాయాల గదా. వాన రావద్దని ఆమె మొక్కుకుంటుందంట. కుండలు కాల్చే ఆవం నుంచి పొగ లేచి మబ్బును తరిమేస్తుందంట. అమావాస్యలోగా ఆమెను పొలిమేర దాటించాలంటున్నారు. తమరు సరేనంటే ఊరికి ధైర్యమని మా మామ తిప్పన్న కబురు పంపినాడు.”

“నీకేమనిపిస్తుంది?”

“పోయినసారి ఊరికి పోయినప్పుడు ఆ పొగ నేనూ చూసినా తాతా. మబ్బు కొండ నెత్తి దాకా వస్తుంది. మా వైపు దిగేసరికి చెదిరిపోతుంది.”

అత్త మీద కోపం దుత్త మీద చూపడం లోకంలో ఉన్నదే. బయలుపల్లె వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, ఆకాశం మీద కోపాన్ని దుత్తలు చేసే మనిషి మీద చూపారు. సుంకన్న చెడ్డవాడేమీ కాదు. కానీ ఎండిన చేను చూసినవాడికి ఏదో ఒకటి నమ్మకపోతే గడవదు.

తాత లేచి, తన కంబళి తీసి సుంకన్న భుజాన వేశాడు.

“పద, మీ ఊరికి పోదాం. కొండ మీదుగా.”

సుంకన్న ఎప్పుడూ కొండను చుట్టిపోయే బండిదారినే తిరిగాడు. కొండెక్కే పని మేకలదే కాని మనుషులది కాదని వాళ్ల ఊళ్లో అనుకుంటారు. ఆ మాటే తాతతో అన్నాడు.

“మేకలకు తెలిసింది మనకూ తెలియనీ” అన్నాడు తాత.

పడమటి గాలి వీపు మీద చెయ్యి పెట్టి నెట్టుతోంది. కాస్త ఎక్కగానే తుంపర పట్టుకుంది. ఇంకాస్త ఎక్కేసరికి అది కుండపోతయింది. కంబళి నీళ్లు తాగి తాగి బియ్యం మూటంత బరువెక్కింది.

“ఒక్కసారి పిండుకుంటా తాతా.”

“పిండొద్దు. మొయ్యి.”

నడుం విరిగిపోతోంది. గురువని కూడా చూడకుండా సుంకన్న మనసులో నాలుగు తిట్లు తిట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి కొండ నెత్తికి చేరారు. అక్కడ రెండు పెద్ద బండల మధ్య సందు ఉంది. ఆ సందుకు నాలుగడుగుల ఇవతల ఒక వాగు పుట్టి, గలగలమంటూ పడమటికే దిగిపోతోంది.

“ఇప్పుడు పిండు” అన్నాడు తాత.

సుంకన్న చేతులు నొప్పి పుట్టేదాకా పిండాడు. నీళ్లు జారి వాగులో కలిసి, వాళ్లు వచ్చిన వైపే పోయాయి. తాత మడమతో బురదలో సందు వైపుకు ఒక గాడి గీశాడు.

“మళ్లీ పిండు.”

ఈసారి నీళ్లు గాడిలో పడి తూర్పుకు దిగాయి.

వాళ్లూ దిగారు. అదే గాలి ఇంకా వీపు మీదే కొడుతోంది, కాని అందులో వాన లేదు. నాలుగు మలుపులు దాటాక చల్లదనం కూడా పోయింది. చెట్లు పోయి పొదలు వచ్చాయి, పొదలు పోయి ముళ్లకంపలు వచ్చాయి. సుంకన్న వెనక్కి తిరిగి చూశాడు. మబ్బు కొండ నెత్తి మీదే ఉంది. ఇటు జారిన తునకలు చూస్తుండగానే కరిగిపోతున్నాయి. తర్వాత కిందికి, ఊరి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

“దేని కోసం?” అన్నాడు తాత.

“పొగ కోసం తాతా.”

“ఉందా?”

“లేదు.”

తాత మళ్లీ నడక సాగించాడు.

సాయంత్రానికి ఊరు చేరారు. జనమంతా కుళ్లాయమ్మ ఇంటి ముందే ఉన్నారు. ఆమె కుండలు చేసే చక్రాన్ని, ఆ సారెను అప్పటికే బండిలో పడేశారు. కుళ్లాయమ్మ తన అత్త చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు.

“వచ్చినారా సామీ! మీ మాట కోసమే ఆగినాం” అన్నాడు తిప్పన్న.

“మాట సుంకన్న చెప్తాడు” అని, తాత పోయి కుళ్లాయమ్మ అరుగు మీద కూర్చున్నాడు. “అమ్మా, దాహం” అన్నాడు. ఆమె ముంతతో నీళ్లిస్తే అందరూ చూస్తుండగా తాగాడు.

సుంకన్నకు ఎదురుగా ఉన్నది సొంత మామ, సొంత జనం. భయమేసింది. అయినా కంబళి తీసి తిప్పన్న చేతుల్లో పెట్టాడు.

“పిండు మామా.”

తిప్పన్న అయోమయంగా పిండాడు. దుమ్ము రాలింది.

“పొద్దున దీన్ని మొయ్యలేక చచ్చినా. నీళ్లన్నీ కొండ మీద పిండేసినా. దిగేలోపల ఎండిపోయింది. మబ్బు కూడా మా దారినే వచ్చింది మామా. మోసిందంతా అటుపక్కే పిండేసింది. ఇటు దిగేసరికి దాంట్లో ఏం మిగల్లేదు. ఈ పొద్దు ఆవం పెట్టినారా?”

“లేదు. నిన్ననే ఆర్పించినాం.”

“మరి మబ్బును తరిమిందెవరు?”

తిప్పన్న తలెత్తి కొండ నెత్తి మీది మబ్బును చూశాడు.

“మీ తాత కూడా ఈ ఊళ్లో వరిమడి చూడలేదని నువ్వే చెప్పినావు గదా. అప్పుడు కుళ్లాయమ్మ యాడుంది?”

తిప్పన్నకు రోషం వచ్చింది. “అయితే ఏం చెయ్యమంటావురా? కొండను పొలిమేర దాటించాల్నా?”

“వద్దు మామా. నీళ్లను దాటిద్దాం.”

సుంకన్న బండి దగ్గరికి పోయి సారెను భుజానికెత్తుకున్నాడు. తెచ్చి కుళ్లాయమ్మ గడప ముందు దించాడు.

“అక్కా, మట్టి గొట్టాలు చేస్తావా? కొండ పైన సందు ఉంది. అక్కడి వాగు నీళ్లను ఆ సందు దాటిస్తే చాలు. ఆ తర్వాత కొండ నుంచి దిగే మన ఎండువంక ఉంది, అదే నీళ్లను ఊళ్లోకి తెస్తుంది.”

“ఎన్నైనా చేస్తా” అంది కుళ్లాయమ్మ. తిప్పన్న వైపు సూటిగా చూసింది. “కాల్చాలంటే పొగ వస్తాది మరి.”

తిప్పన్న తన ఇంటి వైపు తిరిగి పెండ్లాన్ని కేకేశాడు.

“ఏమే, ఆ పిడకల గంప ఇట్లా తే.”

తప్పయిందని ఎవరూ అనలేదు. ఆ వైపు మనుషులకు ఆ మాట నోటికి రాదు, పిడకలే వస్తాయి.

మర్నాడు పొద్దున సుంకన్న గడ్డపార భుజాన పెట్టుకుని తాత కాళ్లకు మొక్కాడు. వెనక పదిమంది పారలతో నిలబడ్డారు. తాత అరుగు మీదున్న ఎండిన కంబళిని తీసి సుంకన్న మీద కప్పాడు.

“ఇది మీది గదా తాతా, మీకు వద్దా?”

“నాకెందుకురా? నేను బండిదారిన పోతున్నా.”

సుంకన్న కంబళి సర్దుకుని కొండ వైపు తిరిగాడు.