కోట గొట్టం కింద ఒక్క కుండ

వెనకటికి ఒక కోటలోకి ఏటినీళ్లు మట్టిగొట్టంలో వచ్చేవి. వానలకు అవి బురదెక్కితే, కుమ్మరి గురవయ్య ఇసకా బొగ్గూ నింపిన వడపోత కుండను గొట్టం కింద పెట్టాడు. తనింట్లో బంగారంలా పనిచేసిన ఆ కుండ, కోటలో మాత్రం పొంగి పొర్లి బురదే పోసింది.

"రేపటికి తేటనీళ్లు రాకపోతే నిన్ను ఊళ్లోంచి వెళ్లగొడతాను" అన్నాడు దివాను.

"తప్పు నాదేనండి. నా బుర్రే సరిగ్గా కాలని కుండ. ఇది ఒక బిందె వడకట్టేలోగా గొట్టం ఎనిమిది బిందెలు పోస్తోంది. ఇంకో ఏడు కుండలు పెట్టి, నీళ్లు పాయలుగా చీలుస్తాను" అన్నాడు గురవయ్య.

"నీ ఇంటికి చాలింది కోటకెందుకు చాలదురా? ఒక్కటే!"

మర్నాడు దివాను తగువులు తీర్చడానికి కూర్చున్నాడు. తగువులతో బయట వరసలో ఉన్న ఎనిమిది మందినీ కూడగట్టి, గురవయ్య ఒక్కసారే లోపలికి తోలుకొచ్చాడు. అందరూ ఒకేసారి మొదలెట్టారు. ఆ గోలలో దివాను, గేదె పోయినవాణ్ణే దొంగని తేల్చాడు. తర్వాత తల పట్టుకున్నాడు.

"ఆగండ్రా! ఇంతమంది మీద పడితే నిజమేదో అబద్ధమేదో ఎట్లా తేల్చను? నాకేమన్నా ఎనిమిది బుర్రలున్నాయా?"

"లేవు దొరా" అన్నాడు గురవయ్య చేతులు కట్టుకుని. "ఆ కుండకీ ఎనిమిది పొట్టల్లేవు."

 "ఆ ఏడు కుండలూ తెచ్చి పెట్టు" అన్నాడు దివాను.