రెండు పిడికిళ్ల ధనియాలు

వైద్యం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. చేయి పట్టుకుని నాడి చూడాల్సిన పని కూడా లేదు, మనిషి గుమ్మంలో చెప్పులు విడిచే తీరు చూసి రోగం చెప్పేస్తాను. కిందటి వారం ఒకాయనకు అలాగే మోకాళ్ల వాతమని తేల్చి తైలం సీసా తీశాను. పాపం, ఆయన కూతురి పెళ్లి పత్రిక ఇచ్చిపోదామని వచ్చాడట.

మా గురువుగారు చిదంబరయ్యది వేరే పద్ధతి. గుండెల్లో మంటకీ, దాహానికీ, మూత్రంలో చురుకుకీ ఆయన చెప్పేది చాలాసార్లు ధనియాల నీళ్లే. చెంచాడు ధనియాలు రాత్రి నానబెట్టుకుని, పొద్దున వడకట్టి తాగమంటారు. ఆ చెంచాడు చెప్పే ముందు మాత్రం, ఏ బిళ్లలు వాడుతున్నావు, ఎన్నింటికి తింటావు, సోపు గానీ జీలకర్ర గానీ తింటే ఒళ్లు దద్దుర్లెక్కుతుందా, ఆడవాళ్లయితే కడుపుతో ఉన్నావా, ఇలా ఒక్కొక్కటే అడుగుతారు. ఒకరోజు నేను ఉండబట్టలేక, "వాళ్ల మేనత్తది ఏ ఊరో కూడా అడగండి గురువుగారూ. రోజూ చారులో పడే సరుకే కదా, దానికింత విచారణ ఎందుకు?" అన్నాను.

ఆయన ప్రశ్నలకు జవాబు చెప్పరు. గొడుగు తీసుకుంటారు. ఆ రోజూ అంతే, గొడుగు తీసుకుని, "మద్దిలేటి ఇంటి నుంచి నిన్న కబురొచ్చింది, పోదాం పద," అన్నారు. ఆ పేరు వినగానే, తైలాలు కాచే పని ఉందని తప్పించుకోబోయాను. ఎందుకో తర్వాత చెబుతాను.

మద్దిలేటిది కోవెలకుంట్ల వైపు నల్లరేగడి నేల. అరవై దాటిన రైతు, ఏటా వేసేది ధనియాల పంటే. భార్య సుంకులమ్మ పోయి ఏడాది అవుతోంది. చేని గట్టునే ఇల్లు. కూతురు రవణమ్మ మమ్మల్ని వాకిట్లోనే ఆపి, తండ్రికి వినబడకుండా గొంతు తగ్గించి సంగతి చెప్పింది. రోజూ పదకొండు గంటలకు, పట్టపగలు, ఆయనకు చనిపోయిన సుంకులమ్మ కనబడుతోందట. బతికున్నన్నాళ్లూ ఆమె చేనికి సంగటి తెచ్చింది ఆ వేళకే. మొదట్లో గడప దగ్గర నిలబడేదట. తర్వాత కళ్లం దగ్గర. ఇప్పుడు చేని చివర, గోడలేని దిగుడుబావి దగ్గర. ఈయన ఆమె వెనకే నడిచిపోతున్నాడు. ఆయన్ని తీసుకుపోవడానికే వచ్చిందని ఊళ్లో అంటుంటే గుమ్మానికి నిమ్మకాయలు కట్టారు. నిమ్మకాయలు వాడిపోయాయి గానీ ఆమె రాక ఆగలేదు.

"నిన్న బాయి అంచున పట్టుకుంటి సామీ. ఇంగ నాలుగడుగులే ఉండె," అంది రవణమ్మ.

మద్దిలేటి అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పలకరిస్తే నవ్వాడు. చేను కోసి పదిహేను రోజులైంది, ఎటు చూసినా ఎండిన మోళ్లే. గాలి లేదు. పదకొండు కావస్తుండగా ఆయన నుదుటి మీద చెమట పోసింది, మేం చూస్తుండగానే చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. వేళ్లు వణికాయి. ఆ వణుకుతోనే లేచి, చేనివైపు చూసి, కొత్త పెళ్లికొడుకులా తల వంచుకున్నాడు. "వచ్చినాది," అన్నాడు.

నాకేమీ కనబడలేదు. కానీ వాసన తగిలింది. తడి కొత్తిమీర వాసన, ఎవరో నా ముక్కు దగ్గరే తుంచినట్టు. ఆ ఎండలో, ఆ మోళ్ల మధ్య. నేను మెల్లగా గురువుగారి గొడుగు వెనక్కి జరిగాను. చేలో దిగి నడుస్తున్న మద్దిలేటి ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"ఆయమ్మ నీ దిక్కే సూస్తాంది అబ్బయా," అన్నాడు.

గురువుగారు పరుగెత్తలేదు. పెద్ద అంగలతో వెళ్లి, బావికి ఇంకా పది గజాలుండగా ఆయన మణికట్టు పట్టుకుని, తన రొంటిన ఉన్న బెల్లం ముక్క ఆయన నోట్లో పెట్టి నమలమన్నారు. ఇంకో ముక్క పెట్టారు. మోళ్ల మీదే కూర్చోబెట్టారు. కాసేపటికి వణుకు తగ్గింది. వాసనా పోయింది. మద్దిలేటి బావి వైపు చూసి, చుట్టూ చూసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"పంపించేస్తివి గదా సామీ."

అరుగు మీదికి తెచ్చాక రవణమ్మ చెంబు తెచ్చి చూపించింది. అడుగున నానిన ధనియాలు సగం దాకా ఉబ్బి ఉన్నాయి. గుండెల్లో మంటకని మొదలుపెట్టాడట. లేవగానే టౌను డాక్టరు ఇచ్చిన షుగరు బిళ్ల వేసుకుని, చెంబెడు నీళ్లూ తాగి, పదకొండు దాకా మెతుకు ముట్టడు. సంగటి తెచ్చే మనిషి రావాలి కదా. రెండు పిడికిళ్లు ఎందుకు వేస్తున్నావంటే, ఒకటి తనది, ఒకటి సుంకులమ్మది అన్నాడు. ఇంత తాగమని ఎవరు చెప్పారంటే, సంతలో ఎవరో అని గోడవైపు చూశాడు. నేనూ గోడవైపే చూశాను.

బిళ్ల ఒంట్లో చక్కెర దించుతుందనీ, ధనియాలు మోతాదు మించితే అవీ దానికి తోడవుతాయనీ, ఖాళీ కడుపు మిగతా పని పూర్తి చేస్తుందనీ గురువుగారు విడమరిచి చెప్పారు. ఈ రోజే డాక్టరు దగ్గరికి పోయి చెంబు సంగతి చెప్పమన్నారు. ఆయన సరేననే దాకా ఈ నీళ్లు వద్దు, బిళ్ల వేసుకుని పస్తుండడం అసలే వద్దు అన్నారు.

మద్దిలేటి అంతా విని, "తింటే ఆయమ్మ రాదు సామీ," అన్నాడు.

గురువుగారు అరుగు మీద ఆయన పక్కనే కూర్చున్నారు. "ఇన్నేళ్లూ ఆమె ఎండలో పడి చేనికొచ్చింది దేనికి? నువ్వు తినాలనే కదా."

రవణమ్మ సంగటి తెచ్చిపెట్టింది. ఆయన చేనివైపు తిరిగి కూర్చుని, ముద్ద ముద్దకూ ఆగి, తలెత్తి చూస్తూ తిన్నాడు. చేను ఖాళీగానే ఉంది. పళ్లెం కూడా ఖాళీ అయింది.

తిరుగు దారిలో గురువుగారు గొడుగు నా చేతికిచ్చి, "ఆమె నీ దిక్కే ఎందుకు చూసిందంటావు?" అని అడిగారు.

ఇక దాచి లాభం లేదు. రెండు నెలల కిందట బేస్తవారం సంతలో చెరుకురసం తాగుతుంటే, మద్దిలేటి వచ్చి గుండెల్లో మంటగా ఉంది, ఏం చెయ్యమంటావని అడిగాడు. గురువుగారిలా గొంతు బరువుగా పెట్టి, "ధనియాలకు కొలతేంటి పెద్దాయనా, ఎంత తాగితే అంత మంచిది," అన్నది నేనే. ఆయన చేతులు జోడిస్తే, దీవించాను కూడా.

గురువుగారు నడక ఆపలేదు.

"ధనియాలకు నోరు లేదు కాబట్టి ఆయన్ని ఏమీ అడగలేదు," అన్నారు. "నీకేమైంది?"