గొళ్ళెము తీసిన ద్వారలక్ష్మి కథ

ఇంటివారలారా, పేరంటమునకు వచ్చిన తల్లులారా, అక్షతలు కుడిచేత నుంచుకొని, మాటలు చాలించి, ద్వారలక్ష్మి కథను వినుడు. కథ నడుచుచుండగా ఎవరును వీధి తలుపు మూయరాదు.

పూర్వమొకప్పుడు తుంగభద్రా తీరమున తపమాచరించుచున్న ఋతపర్ణ మహామునిని శ్రుతధాముడను ముని దర్శించి, నమస్కరించి, ఇట్లడిగెను. "మహానుభావా! నేరము చేసినవాడు రాజు విధించిన శిక్ష ననుభవించి చెర వెడలి వచ్చును. రాజు విడిచిన వానిని లోకము విడువదు. సొంత ఇంటివారే వానిని జూచి వణకుదురు. అట్టివాడు మరల మనుష్యులలో కలియుటకు వ్రతమేదైన గలదా?" ఋతపర్ణుడు, "కలదు. అది ద్వారలక్ష్మీ వ్రతము. దానిని చేయవలసినవారు వాని ఇంటివారే. తొల్లి ఆ వ్రతమును పట్టి, విడిచి, మరల పట్టిన ఒక ఇల్లాలి కథ చెప్పెదను వినుము" అని చెప్పదొడగెను.

వీరగిరి యను పట్టణమున సింగరాచారి యను కంచరి గలడు. అతని భార్య పేరిందమ్మ, తమ్ముడు ఓబులాచారి. అన్నదమ్ములిద్దరు ఒకే దాగలి దిమ్మ కడ కూర్చుండి బిందెలు, చెంబులు సాగగొట్టుచు సుఖముగ నుండిరి. అట్లుండగా ఒకనాటి సంతలో ఉప్పు అమ్మువానితో మాటకు మాట పెరిగి, ఓబులాచారి కోపము పట్టజాలక చేతనున్న సుత్తితో వానిని కొట్టెను. వాడు అక్కడికక్కడే ప్రాణములు విడిచెను. రాజభటులు ఓబులాచారిని కొనిపోయి చెరలో వైచిరి.

నాటి నుండి ఆ ఇంట అతని పేరెత్తినవారు లేరు. సింగరాచారి ఒక్కమారు చెరసాల దాక పోయి, కావలివాని మొగము చూచి సిగ్గుపడి, వెనుదిరిగి వచ్చెను. పండుగలకు పిండివంట పంపరైరి. మేనమామ గతించిన వార్తయైనను చెప్పి పంపరైరి. అంతట ఆ ఇంటి కళ తప్పెను. పోసిన కంచు పగుళ్ళు వారెను. అతికిన చెంబు అతుకు విడెను. కారణమేమో వారికి తెలియదాయెను.

ఏండ్లు గడచెను. శిక్ష తీరి ఓబులాచారి వెలుపలికి వచ్చిననాడు చెరసాల వాకిట అతని కెదురు వచ్చినవారెవ్వరును లేరు. అతడొక్కడే నడచి, దీపాలు పెట్టు వేళకు అన్నగారి ఇల్లు చేరెను. తలుపు మూసియుండెను. పేరిందమ్మ తలుపు సందున చూడగా, పెరిగిన గడ్డముతో, వ్రేలాడు చేతులతో, ఒక మనిషి కదలక నిలిచియుండెను. అతడు తట్టడు, పిలువడు, పోడు. సింగరాచారి సంత నుండి వచ్చి తమ్ముని గుర్తుపట్టి లోనికి గొనివచ్చు వరకు ఆమె గోడకు జేరబడి రామనామము జపించుచుండెను.

ఓబులాచారికి కొలిమి ప్రక్కనున్న తాటాకుల కొట్టములో పడక ఏర్పరచిరి. విస్తరి వేరుగ వేసిరి. పేరిందమ్మ ఇంటిలోని సుత్తులన్నిటిని గోనెపట్టలో చుట్టి అటక మీద పెట్టెను. సింగరాచారి అడుగగా, "నా పసుపుకుంకాల మీద ఒట్టు! ఆయన ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళు సుత్తి కిందికి దిగేది లేదు" అనెను. పనిముట్టు లేని కంచరికి పనియెక్కడిది? కొలిమి చల్లారెను. బేరగాండ్రు వేరొక వీధికి మరలిరి. పొరుగింటి కామాక్షమ్మ గోడ మీదుగ తొంగిచూచి, "ఏం పేరిందమ్మా, మీ ఇంట్లో కంచుమోత ఆగిపోయిందే! మరిది చేతికి సుత్తి తగిలితే మా తలకాయలు తడుముకోవాల్సొస్తుందనా?" అని ఎత్తిపొడిచెను.

పేరిందమ్మ భయము నానాటికి హెచ్చెను. ఆమె వంటయింట నుండగా వాకిలికి అడ్డముగ నీడ పడును. తిరిగి చూచిన, తలుపు చేరవేసిన ప్రతిచోట అతడు నిలిచియుండును. దొడ్డి తలుపు వద్ద నంతే, పడమటింటి తలుపు వద్ద నంతే. ఎవరైన తీసి పిలిచిన వచ్చును, లేకున్న అట్లే నిలుచును. తన ప్రాణమునకే పొంచియున్నాడని ఆమె నిశ్చయించుకొనెను.

అంతట ఒక శుక్రవారమున ద్వారలక్ష్మి పసుపుకొమ్ములు అమ్ము ముదుసలి ముత్తైదువ రూపమున వచ్చి, తలుపు తట్టి, "పట్టపగలు గొళ్ళెమేందే అమ్మీ? ఎండ లోపలికి రాకుండానా, మనుషులు రాకుండానా?" అని అడిగెను. పేరిందమ్మ సందు చేసి, తన గోడు గుసగుసగా చెప్పుకొనెను. అవ్వ బుగ్గన వేలుంచుకొని నవ్వెను.

"వాడు తలుపు ఎందుకు తట్టడో ఎప్పుడన్నా అడిగినావా?"

"అడిగే ధైర్యమే ఉంటే నీతో ఈ మొర దేనికి అవ్వా?"

"చెరలో తలుపు తట్టినోడికి దెబ్బలమ్మీ. తీసి రమ్మంటే నడవాల, మూస్తే కూచోవాల. ఇన్నేండ్లు వాని చెయ్యి తలుపును ముట్టిందే లేదు. నీ ప్రాణానికి కాచుకోలేదు వాడు. రమ్మంటావేమోనని కాచుకున్నాడు."

పిమ్మట అవ్వ వ్రతవిధానము చెప్పెను. శుక్రవారము సంధ్యవేళ గడప కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ఇంటి తలుపులన్నియు తీసి, చెర నుండి వచ్చినవానిని తమ్ముడా, మరిదీ యని వరుసపెట్టి పిలిచి, చేయి పట్టుకొని గడప దాటించి, పంక్తిలో తమతోపాటు వడ్డింపవలెను. వాని వృత్తి పనిముట్టు వాని చేతికీయవలెను. వానిపై ఎన్నడును గొళ్ళెము వేయరాదు. "నాకు భయం పోనీ అవ్వా, అప్పుడు చేస్తాను" అని పేరిందమ్మ వేడగా, అవ్వ, "భయం పోయినాక చేసేదానికి వ్రతమెందుకే? వణుకుతూనే తియ్యి" అని పలికి వీధి మలుపున కనుమరుగయ్యెను.

పేరిందమ్మ వణకుచునే వ్రతము పట్టెను. దూరముగ నిలిచి, "రా నాయనా" అని పిలిచెను. చేయి మాత్రము పట్టజాలదయ్యెను. అటక నుండి ఒక్క చిన్నసుత్తిని దింపి భర్తకిచ్చెను గాని మరిది చేతికీయదయ్యెను. ఆ పాటి వ్రతమునకే అమ్మవారు కరుణించెను. కొలిమి రాజుకొనెను. పోయిన బేరగాండ్రలో కొందరు తిరిగి వచ్చిరి.

ఇట్లుండ వైశాఖమాసమున సింగరాచారి పొరుగూరికి పోయెను. ఆనాడు సంతలో ఎవనినో ఎవడో తల పగులగొట్టెనని వదంతి పుట్టెను. కామాక్షమ్మ పరుగున వచ్చి, "ఇంకెవడు? మీ వాడే అయ్యుంటాడు!" అనెను. ఓబులాచారి కొట్టము విడిచి వెళ్ళనేలేదని పేరిందమ్మ ఎరుగును. ఎరిగియు, పాతభయము మీదబడి, ఆమె పిల్లివలె నడచి, కొట్టము తలుపునకు వెలుపలి నుండి గొళ్ళెము వేసి, పొరుగింటికి పోయి కూర్చుండెను.

వ్రతభంగమైన ఆ మధ్యాహ్నమే వడగాలి రేగెను. కొలిమిలోని నిప్పురవ్వ లేచి కొట్టముపై బడెను. తాటాకులు భగ్గుమనెను. వీధివారందరు కూడిరి గాని దగ్గరకు పోవుటకు వెరచి నిలిచిరి. వెలుపలి గొళ్ళెము చూచి కొట్టము ఖాళీయే కదా యని ఒకరితో ఒకరు అనుకొనిరి. లోపలినుండి ఒక్క కేకయైనను, తలుపు బాదిన చప్పుడైనను లేదు. పొరుగింటి నుండి పరుగెత్తి వచ్చిన పేరిందమ్మకు అవ్వ మాట తలపునకు వచ్చెను. అతడు తట్టడు. కాలిపోవు వరకు తట్టడు.

"లోపల మా ఓబులున్నాడు! గొళ్ళెం పెట్టింది నేనే!" అని అరచుచు ఆమె మంటలలోనికి ఉరికెను. కాలుచున్న గొళ్ళెమును పట్టి లాగగా అరచేతి చర్మము దానికే అంటుకొనిపోయెను. తలుపు తెరచుకొనెను. పొగలో మూరెడు దూరమున, చేతులు వ్రేలవేసి, తలుపువైపే చూచుచు అతడు నిలిచియుండెను. తెరచిన తలుపు ముందు కూడ అడుగు వేయడాయెను. పైన వాసములు విరుగుచుండెను. అంతవరకు ఆమె పడిన భయములన్నియు ఈ భయము ముందు నిలువలేదు.

"ఓబులూ! నేను నాయనా, మీ వదినను. ఇది నీ ఇల్లు. రా!" అని, ఒకప్పుడు సుత్తిని ఎత్తిన ఆ చేతిని కాలిన తన చేతితో పట్టి లాగెను. అతడు గడప దాటెను. వెనుక పైకప్పు కూలెను.

దగ్గు నిలిచిన పిమ్మట అతడు మెల్లగ ఇట్లనెను. "గొళ్ళెం పడింది విన్నాను వదినా. ఏం తప్పు చేసినానా అని ఆలోచిస్తా ఉన్నాను."

పేరిందమ్మ నేల గూలి ఏడ్చెను. ఓబులాచారి బావి నుండి నీళ్ళు తోడి మొదటి కడవ మంటపై పోసెను. అది చూచి వీధివారందరు కదలిరి. సంతలో తల పగులగొట్టినవాడు వేరొకడని సాయంకాలమునకు తెలిసెను. కామాక్షమ్మ ఆనాడు గోడ మీదుగ తొంగిచూడలేదు.

మరు శుక్రవారము పేరిందమ్మ కట్టు కట్టిన చేతితోనే గడపకు పసుపు పూసి, సుత్తులన్నిటిని దింపి, పెద్దసుత్తికి బొట్టు పెట్టి మరిది చేతికిచ్చెను. అతడు సాగగొట్టిన తొలి బిందెను, చనిపోయిన ఉప్పువాని తల్లి వాకిట ఉంచి వచ్చెను. ఆమె తీసికొనలేదు, పారవేయను లేదు. చాలకాలమునకు ఆమె దానితో నీళ్ళు తెచ్చుకొనుచుండగా జనులు చూచిరి. ఆమె అతనితో ఎన్నడును మాటలాడలేదు; అది ఆమె ఇష్టము. కొలిమి నిత్యము వెలిగెను. ఆ ఇంటి కంచు మరల పగులలేదు.

వ్రతము ముగిసిన పిదప ఒక తెల్లవారుజామున పేరిందమ్మకు గొళ్ళెము కదలిన చప్పుడు వినవచ్చెను. ఆమె లేచి చూచెను. ఓబులాచారి వీధి తలుపును తన చేతితో తానే తీసి, కొలిమి రాజేయుటకు పోవుచుండెను.

కావున ఓ శ్రుతధామా! కొడుకును గాని, సోదరుని గాని, మగని గాని, ఆడుబిడ్డను గాని చెరకు పంపుకొన్నవారును, చెర నుండి వచ్చినవానికి పని నీయగలవారును, పొరుగున నుండి గోడ మీదుగ తొంగిచూచువారును ఈ వ్రతము చేయవలెను. చెరలో నున్నప్పుడు చూడబోవుట దీనికి పూర్వాంగము. విడుదలనాడు ఎదురేగుట సంకల్పము. దీని నాచరించిన ఇంట తప్పిపోయినవారు తిరిగి పంక్తిలో కూర్చుందురు, చల్లారిన పొయ్యి వెలుగును, పిల్లలు భయమెరుగక నిద్రింతురు. చేయజాలనివారు కథ విన్నను కొంత ఫలము గలుగును. విని కూడ గొళ్ళెము వేయువారి సంగతి నేను చెప్పను. వారింటి పొగయే చెప్పును. ఇట్లు పలికి ఋతపర్ణుడు కథ ముగించెను.

తల్లులారా, అక్షతలు శిరస్సున ధరింపుడు. ఇంటిపెద్ద లేచి వీధి వాకిట నిలిచి, రావలసినవానిని వరుసపెట్టి బిగ్గరగా పిలువవలెను. అతడు వచ్చి కూర్చున్న పిదపనే ప్రసాదము పంచవలెను.